జ్ఞాన తల్లిదండ్రులు: రిజిస్టరులో పేరు రాశాక మొదలయ్యే పని

ఆదివారం పూజ ముగిసింది. జ్ఞానస్నానం ఇవ్వడానికి గురువుగారు తొట్టి దగ్గరకు వచ్చారు. బిడ్డ తల్లి ఒడిలో ఉంది, తెల్లబట్టలు సిద్ధంగా ఉన్నాయి, ఫొటోగ్రాఫరు కూడా వచ్చాడు. "జ్ఞాన తండ్రి ఎవరు?" అని గురువుగారు అడిగేసరికి ఇంటివాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చివరకు పక్కన నిలబడి ఉన్న ఉపదేశి గారినే ముందుకు తోశారు. మన విచారణల్లో ఇలాంటి దృశ్యం చూడనివారు అరుదు. కొన్ని ఊళ్లలో ఒక్క ఉపదేశి గారే పదుల మంది పిల్లలకు జ్ఞాన తండ్రి. ఆయన మంచివాడే. కానీ అంతమంది పిల్లల్లో ఎవరు ఎక్కడ చదువుతున్నారో, ఎవరు గుడికి రావడం మానేశారో ఒక్క మనిషికి ఎలా గుర్తుంటుంది?

ఈ బాధ్యతను మనం ఎంత తేలికగా తీసుకుంటున్నామో ఆ ఒక్క నిమిషంలో బయటపడుతుంది. అందుకే ఈ వారం దీని గురించి కాస్త వివరంగా రాయాలనుకున్నాం.

ఇంగ్లీషులో గాడ్‌ఫాదర్ అనగానే ఈ రోజుల్లో జనానికి సినిమాయో, రాజకీయమో గుర్తుకొస్తుంది. ఫలానా నాయకుడికి ఢిల్లీలో గాడ్‌ఫాదర్ ఉన్నాడంటారు, సినిమా రంగంలో గాడ్‌ఫాదర్ లేకపోతే పైకి రాలేమంటారు. అంటే వెనక నిలబడి పనులు చేయించిపెట్టే పలుకుబడి గల మనిషి అన్నమాట. మన తెలుగు మాటలో ఆ వాసన లేదు. జ్ఞాన తండ్రి, జ్ఞాన తల్లి అన్నప్పుడు జ్ఞానస్నానం వల్ల ఏర్పడిన తండ్రి, తల్లి అనే అర్థమే వస్తుంది. బంధుత్వం పుట్టిన చోటును ఆ పేరే చెబుతోంది.

పరిశుద్ధ గ్రంథంలో ఈ పేరుతో ఎవరూ కనిపించరు. అయితే ఆ పని చేసినవారు ఉన్నారు. సౌలు మారుమనస్సు పొంది యెరూషలేముకు వచ్చినప్పుడు శిష్యులు అతణ్ణి నమ్మలేదు, భయపడ్డారు. బర్నబా అతని చెయ్యి పట్టుకుని అపోస్తలుల దగ్గరకు తీసుకెళ్లి, జరిగినదంతా చెప్పి, అతని తరఫున నిలబడ్డాడని అపోస్తలుల కార్యములు తొమ్మిదవ అధ్యాయం చెబుతోంది. తొలి శతాబ్దాల తిరుసభలో ఈ వ్యవస్థ పుట్టింది కూడా ఇలాంటి అవసరంలోంచే. అవి హింసల రోజులు. క్రైస్తవుణ్ణి అవుతానని వచ్చినవాడు నిజంగా విశ్వాసంతో వచ్చాడా, వేగు చూడ్డానికి వచ్చాడా? అతని బతుకు తెలిసిన ఒక విశ్వాసి వెంట వచ్చి సాక్ష్యం చెప్పాలి. ఆ తరువాత జ్ఞానస్నానం వరకూ సాగే సుదీర్ఘమైన బోధనా కాలంలో అతనికి తోడుండాలి. జ్ఞాన తల్లిదండ్రులు మొదట పెద్దవాళ్లకు పూచీదారులుగా ఉండేవారన్న సంగతి మనం మరిచిపోయాం.

పసిపిల్లల విషయానికి వస్తే, సుమారు 200వ సంవత్సరంలో కార్తేజు నగరవాసి తెర్తుల్లియను జ్ఞానస్నానం గురించి రాసిన గ్రంథంలోనే పూచీదారుల ప్రస్తావన ఉంది. ఆయన మెచ్చుకోలేదు, హెచ్చరించాడు. పిల్లల తరఫున మాట ఇచ్చినవాళ్లు ఆ మాట నిలబెట్టుకోకుండానే చనిపోవచ్చు, లేదా పిల్లలే చెడిపోవచ్చు, అప్పుడు పూచీదారులు ఇరుకున పడతారు కదా అన్నది ఆయన భయం. చిన్నపిల్లల జ్ఞానస్నానాన్ని వాయిదా వేయాలన్న ఆయన సలహాను తిరుసభ పాటించలేదు. కానీ ఆ భయంలో ఉన్న గంభీరత మాత్రం మనకు కావాలి. ఈనాడు జ్ఞాన తండ్రిగా నిలబడుతూ భయపడేవాళ్లు ఎంతమంది?

రెండు వందల ఏళ్ల తరువాత పునీత అగస్టీను ఒక లేఖలో ఇంకో సంగతి రాశాడు. మామూలుగా పిల్లలను తల్లిదండ్రులే తీసుకొస్తారు. అయితే బానిసల పిల్లలను యజమానులు తెస్తున్నారు, తల్లిదండ్రులు లేని పిల్లలను ఇతరులు దయతో తెస్తున్నారు, వీధిలో వదిలేసిన పసికందులను ఏరుకుని కన్యకలు తెస్తున్నారు. అంటే ఎవరూ లేని బిడ్డకు సంఘమే ముందుకొచ్చి 'మేమున్నాం' అన్నది. ఈ ఒక్క సంగతి చాలు, ఈ బాధ్యత దేనికోసమో తెలియడానికి.

తల్లిదండ్రులే తమ బిడ్డకు జ్ఞాన తల్లిదండ్రులుగా ఉండకూడదనే నియమం తరువాతిది. 813లో మైంజ్ నగరంలో జరిగిన సభ దాన్ని స్పష్టంగా చెప్పింది. ఇందులో మంచి ఆలోచన ఉంది. తల్లిదండ్రుల బాధ్యత ఎలాగూ ఉంది, దాన్ని ఎవరూ తీసేయలేరు. దానికి తోడు మరో ఇంటి మనిషిని బిడ్డకు కలుపుతున్నారు. మధ్యయుగంలో ఇది పెరిగి పెరిగి ఒక్కో బిడ్డకు చాలామంది జ్ఞాన తల్లిదండ్రులను పెట్టేదాకా వెళ్లింది. గొప్పింటివాళ్లకు అదొక బలప్రదర్శన. జ్ఞాన బంధువుల మధ్య పెళ్లి కుదరదనే నియమం వల్ల ఎవరు ఎవరికి వరసో తేల్చలేక చిక్కులు వచ్చాయి. చివరకు 16వ శతాబ్దంలో ట్రెంట్ మహాసభ ఒక్కరు, లేదా ఎక్కువలో ఎక్కువ ఒక పురుషుడు, ఒక స్త్రీ అని హద్దు పెట్టింది. ఇప్పటికీ అదే హద్దు.

ఇక నేటి నియమాలు. 1983 నాటి తిరుసభ చట్టంలో 872 నుండి 874 వరకు ఉన్న మూడు కానన్లు వీటిని చెబుతాయి. జ్ఞాన తండ్రి లేదా తల్లిగా ఉండేవారికి పదహారేళ్లు నిండాలి. మేత్రాణులు వేరే వయసు నిర్ణయించవచ్చు, తగిన కారణం ఉంటే విచారణ గురువులు సడలింపు ఇవ్వవచ్చు. వాళ్లు కతోలికులై, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం స్వీకరించి ఉండాలి. తీసుకుంటున్న బాధ్యతకు తగిన విశ్వాస జీవితం గడుపుతూ ఉండాలి. తిరుసభ విధించిన శిక్షలో ఉండకూడదు. బిడ్డకు కన్న తండ్రో, తల్లో అయి ఉండకూడదు. వీటన్నిటికీ తోడు ఆ పనికి యోగ్యత, చేయాలనే ఉద్దేశం ఉండాలని చట్టం అడుగుతుంది. మొహమాటంతో ఒప్పుకునేవాళ్లు ఈ చివరి మాట దగ్గర ఒక నిమిషం ఆగాలి.

మాకు తరచూ ఎదురయ్యే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. భార్యాభర్తలే ఉండాలా? అక్కర్లేదు. ఒక్కరే చాలు, ఇద్దరైతే ఒక పురుషుడు, ఒక స్త్రీ ఉండాలి. వాళ్లిద్దరూ దంపతులు కావాలనే నియమం లేదు. తాతయ్య, అమ్మమ్మ, మేనమామ, పిన్ని ఉండవచ్చా? ఉండవచ్చు. పదహారు నిండిన అక్క అయినా సరే. సి.ఎస్.ఐ. లేదా లూథరన్ సంఘానికి చెందిన మంచి మిత్రుడున్నాడు, ఆయన్ని పెట్టుకోవచ్చా? ఒక కతోలిక జ్ఞాన తండ్రి లేదా తల్లితో పాటు ఆయన సాక్షిగా నిలబడవచ్చు. మరి జ్ఞానస్నానం పొందని హైందవ స్నేహితుడు? ఆయన ప్రేమకు ఏ లోటూ లేదు, వేడుకకు తప్పక పిలవండి. కానీ తనది కాని విశ్వాసాన్ని నేర్పుతానని మాట ఇమ్మని ఆయన్ని అడగడం ఆయనకూ అన్యాయమే.

అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉన్న బావగారిని పెట్టుకోవాలనుకునే కుటుంబాలు ఎక్కువయ్యాయి. రాలేని మనిషి తరఫున మరొకరు నిలబడే ఏర్పాటు పాతదే. అలాంటప్పుడు ముందుగానే విచారణ గురువులతో మాట్లాడి, బాధ్యత ఎవరిదో, బదులు నిలబడుతున్నది ఎవరో ఇద్దరి పేర్లూ రాయించాలి. సెల్‌ఫోన్ ఎత్తి పట్టుకుని వీడియో కాల్‌లో చూపించినంత మాత్రాన అది నిలబడినట్టు కాదు.

పెళ్లి సంగతి కూడా చెప్పాలి. జ్ఞాన తండ్రి, జ్ఞాన కుమార్తె మధ్య పెళ్లికి అడ్డుగా ఉన్న పాత నియమం 1983 చట్టంతో లాటిన్ తిరుసభలో పోయింది. తూర్పు తిరుసభల చట్టంలో మాత్రం అది ఉంది. అక్కడ పూచీదారుకు జ్ఞానస్నానం పొందినవారితోనే కాదు, ఆ బిడ్డ తల్లిదండ్రులతోనూ జ్ఞాన బంధుత్వం ఏర్పడుతుంది, వాళ్ల మధ్య పెళ్లి చెల్లదు. ఇది మనకు దూరపు సంగతి కాదు. ఆదిలాబాదు, శంషాబాదు మేత్రాసనాలు సిరో మలబార్ తిరుసభవే.

జ్ఞానస్నానం నాడు జ్ఞాన తల్లిదండ్రులు ఏం చేస్తారో చాలామందికి ఫొటోల్లో చూస్తే తప్ప గుర్తుండదు. మొట్టమొదట గురువు వాళ్లను ఒక ప్రశ్న అడుగుతారు. ఈ బిడ్డ తల్లిదండ్రులకు వాళ్ల క్రైస్తవ బాధ్యతలో సాయపడటానికి సిద్ధమేనా అని. 'సిద్ధమే' అంటారు. బిడ్డ నుదుటిపై సిలువ గుర్తు వేస్తారు. తల్లిదండ్రులతో కలిసి సైతానును విసర్జిస్తున్నామని, తండ్రిని, కుమారుణ్ణి, పవిత్రాత్మను విశ్వసిస్తున్నామని గుడి అంతా వినేలా చెబుతారు. పాస్క వత్తి నుంచి బిడ్డ వత్తిని వెలిగిస్తారు. ఆ దీపం ఆరిపోకుండా చూసే పని తల్లిదండ్రులకూ, వాళ్లకూ కలిపి అప్పగిస్తారు. ఇదంతా ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. ఫొటోలు దిగడానికి అంతకంటే ఎక్కువసేపు పడుతుంది.

ఆ తరువాత ఏమిటి? మన దగ్గర ఆచారం ఏమైందంటే బట్టలు, వెండి గిన్నె, స్తోమత ఉంటే బంగారు గొలుసు. మరుసటి ఏడాది క్రిస్మస్‌కు ఒక డ్రెస్సు. అక్కడితో సరి. గొలుసు పెట్టడానికి అప్పు చేసిన జ్ఞాన తండ్రులు మాకు తెలుసు. పెట్టలేక, పిలిచినా ఏదో వంక చెప్పి తప్పుకున్న మంచి విశ్వాసులూ తెలుసు. ఈ రెండోది మరీ విచారకరం. రోజూ జపమాల చెప్పుకునే పేద అత్తను కాదని, ఏడాదికి రెండుసార్లు గుడికి వచ్చే కాంట్రాక్టరుగారిని పెట్టుకుంటే బిడ్డకు దక్కింది గొలుసే. జ్ఞాన తల్లిదండ్రుల మీద కానుకల భారం మోపకూడదని విచారణ పెద్దలు గట్టిగా చెప్పాలన్నది మా అభిప్రాయం. ఒక జపమాల, పిల్లల బైబిలు చాలు.

మన దగ్గరే ఇలా అనుకోవద్దు. ఇటలీలోని సిసిలీ ద్వీపంలో కతానియా అగ్రపీఠం 2021 అక్టోబరు నుంచి మూడేళ్ల పాటు జ్ఞాన తల్లిదండ్రులను పెట్టుకోవడమే నిలిపివేసింది. విశ్వాసంతో సంబంధం లేకుండా పలుకుబడి కోసం, బంధుత్వాలు కలుపుకోవడం కోసం వాడుకుంటున్నారని అక్కడి గురువులు విసిగిపోయారు. చట్టం కూడా వీలైనంత వరకు ఉండాలనే అంటుంది, లేకపోతే జ్ఞానస్నానం చెల్లదని అనదు. మన దగ్గర అంతదూరం వెళ్లాలని మేము అనం. కానీ ఆ విసుగు మాకు అర్థమవుతుంది.

చేయాల్సిన పని పెద్ద పెద్ద మాటల్లో లేదు. రోజూ ఆ బిడ్డను పేరు పెట్టి ప్రార్థించాలి. మన పిల్లలకు చాలాసార్లు రెండు పేర్లు, బడిలో ఒకటి, గుడిలో ఒకటి. గుడిలో పెట్టిన పేరుతో పిలిచే మనిషి ఒకరైనా ఉండాలి కదా. పుట్టినరోజుకు కేకు అందరూ కోయిస్తారు, జ్ఞానస్నానం పొందిన తేదీ ఎవరికీ గుర్తుండదు. ఆ రోజున ఫోన్ చేసేది జ్ఞాన తల్లే కావాలి. సిలువ గుర్తు, పరలోక జపం, మంగళవార్త జపం ఇంట్లో నేర్పుతున్నారో లేదో చూడాలి, లేకపోతే తను నేర్పాలి. ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవానికి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లవచ్చు. మొదటి దివ్యసత్ప్రసాదం రోజున ఎన్ని పనులున్నా పక్కన ఉండాలి. భద్రమైన అభ్యంగనానికి వీలైతే అదే మనిషి మళ్లీ పూచీ నిలబడటం మంచిదని చట్టమే అంటోంది.

అసలు అవసరం పదిహేనో ఏట వస్తుంది. అప్పటివరకు తల్లి చెయ్యి పట్టుకుని గుడికి వచ్చిన పిల్లవాడు ఇంటర్‌కు కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో చేరతాడు. ఆదివారం కూడా స్టడీ అవరే. రెండేళ్లు గుడి ముఖం చూడడు. తరువాత ఇంజినీరింగ్, ఆపై హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం. ఎక్కడా అతని పేరు తెలిసిన విచారణ ఉండదు. మార్కులు తగ్గినప్పుడు, ప్రేమ విఫలమైనప్పుడు, దేవుడున్నాడా అనే సందేహం వచ్చినప్పుడు నాన్నకు చెప్పలేడు. నాన్న కాని పెద్దమనిషి, తిట్టకుండా వినే మనిషి ఒకరు కావాలి. చిన్నప్పటి నుంచి ఫోన్ చేస్తూ వచ్చిన జ్ఞాన తండ్రికైతే చెబుతాడు. పదిహేనేళ్లు కనపడకుండా ఉండి, హఠాత్తుగా వచ్చి 'గుడికి వెళ్తున్నావా' అని అడిగేవాడికి చెప్పడు. పరీక్షా ఫలితాలు వచ్చిన వారంలో పేపర్లలో వచ్చే ఆత్మహత్యల వార్తలు చదివినప్పుడల్లా ఈ ఆలోచన మమ్మల్ని వదలదు.

తల్లిదండ్రులే దారి తప్పినప్పుడు చెప్పాల్సింది కూడా జ్ఞాన తల్లిదండ్రులే. ఇంట్లో తాగుడు, కొట్లాటలు, ప్రార్థన మానేయడం లాంటివి ఉన్నప్పుడు బయటివాళ్లు అడిగితే 'మీకెందుకు' అంటారు. బిడ్డ కోసం సంఘం ముందు మాట ఇచ్చినవాడికి అడిగే హక్కు ఉంది. అయితే పదిమందిలో నిలదీయడం పద్ధతి కాదు. ఇంటికి వెళ్లి, కాఫీ తాగి, మెల్లగా అడగాలి.

తల్లిదండ్రులు చనిపోతే ఏమవుతుందన్నది ఇంకో ప్రశ్న. కోవిడ్ రోజుల తరువాత ఇది ఊహాజనితం కాదని అందరికీ తెలిసింది. మన దేశ చట్టం ప్రకారం జ్ఞాన తండ్రి అయినంత మాత్రాన బిడ్డకు చట్టబద్ధమైన సంరక్షకుడు కాడు. సంరక్షకుణ్ణి నియమించే అధికారం 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టుది. కనుక ఆస్తి, కస్టడీ వంటివి జ్ఞానస్నాన పత్రంతో తేలవు. ఆ బిడ్డ ఎవరింట్లో పెరిగినా, పలకరించడం, ఫీజు కట్టలేకపోతే విచారణకు తెలియజేయడం, బంధువులు బాగా చూస్తున్నారో లేదో గమనించడం మాత్రం ఏ కోర్టు అనుమతీ అక్కర్లేని పనులు. అగస్టీను కాలంలో వీధి నుంచి పసికందును ఎత్తుకొచ్చిన కన్యక ఏ కాగితం చూపించింది?

ఎవరిని ఎంచుకోవాలన్న దగ్గర ఒక మాట నిర్మొహమాటంగా రాస్తున్నాం. మన గుళ్లలో కులం లేదంటే అబద్ధం. కూర్చునే వరసల్లో, పెళ్లి సంబంధాల్లో అది కనిపిస్తూనే ఉంది. పాత జ్ఞానస్నాన రిజిస్టరు తిరగేస్తే జ్ఞాన తల్లిదండ్రుల ఇంటిపేర్లూ అదే చెబుతాయి. పెళ్లి సంబంధమంటే వెయ్యి లెక్కలు చూస్తామంటారు, సరే. జ్ఞాన తండ్రిని ఎంచుకోవడానికి ఏ లెక్క అడ్డం వస్తోంది? ఆస్తి పంపకం లేదు, వరస కలవాల్సిన పని లేదు. ఒకే తొట్టిలో స్నానం పొందినవాళ్లలో పక్క వీధి విశ్వాసిని పిలిచి, 'మా బిడ్డకు తండ్రిగా నిలబడండి' అని అడగడానికి నోరు రాకపోతే, ఆ రోజు గుడిలో మనం చెప్పే విశ్వాస ప్రమాణం ఎవరికోసం? ఎక్కడైనా కొన్ని కుటుంబాలు ఇలా చేసి ఉంటే మాకు రాయండి, సంతోషంగా ప్రచురిస్తాం.

పెద్దవయసులో జ్ఞానస్నానం పొందేవారి విషయం వేరు. అక్కడ పూచీదారు అలంకారం కాదు. ఇంట్లో మొదటి క్రైస్తవుడైన యువకుడికి పండగపూట భోజనానికి పిలిచే ఇల్లు కావాలి, పూజలో ఎప్పుడు నిలబడాలో, ఎప్పుడు మోకరిల్లాలో పక్కనుండి చెప్పే మనిషి కావాలి. సొంతవాళ్లు దూరం పెడితే జ్ఞాన తండ్రి ఇల్లే అతని ఇల్లు.

మన సోదర సంఘాల్లోనూ ఈ ఆచారం ఉంది. ఆంగ్లికన్ సంప్రదాయంలో 1662 నాటి ప్రార్థనా పుస్తకం మగబిడ్డకు ఇద్దరు జ్ఞాన తండ్రులు, ఒక జ్ఞాన తల్లి, ఆడబిడ్డకు ఇద్దరు తల్లులు, ఒక తండ్రి ఉండాలంది. లూథరు కూడా తన బాప్తిస్మ క్రమంలో పూచీదారులను ఉంచాడు. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వని బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో శిశువును దేవునికి ప్రతిష్ఠించే ప్రార్థన చేస్తారు, అక్కడ జ్ఞాన తల్లిదండ్రుల స్థానం లేదు.

ఒకసారి జ్ఞాన తండ్రిగా పేరు రాశాక మార్చుకోవచ్చా అని కొందరు అడుగుతారు. జరిగినది జరిగినట్టు రాసిన పుస్తకం అది, ఆ పేరు కొట్టివేయరు. ఆయన విశ్వాసానికి దూరమైపోతే భద్రమైన అభ్యంగనానికి మరొకరిని ఎంచుకోవచ్చు.

ఎప్పుడో ఇరవై ఏళ్ల క్రితం ఎవరి బిడ్డకో నిలబడ్డామని లీలగా గుర్తుండి, ఆ బిడ్డ ఎవరో, ఇప్పుడెక్కడున్నారో తెలియని వాళ్లు మన పాఠకుల్లో చాలామంది ఉంటారు. జ్ఞానస్నానం జరిగిన విచారణలో రిజిస్టరు భద్రంగా ఉంటుంది. బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, తేదీ, మీ పేరు అందులో ఉంటాయి. సుమారుగా ఏ సంవత్సరమో చెప్పి విచారణ కార్యాలయంలో అడిగితే వెతికిపెడతారు. ఫోన్ నెంబరు మాత్రం మీరే సంపాదించుకోవాలి.